పెద్ద బిల్డ్‌ల కోసం డిస్క్ మార్చే ముందు తీసుకోవాల్సిన జాగ్రత్తలు

సాఫ్ట్‌వేర్ రిలీజ్ దగ్గరపడేకొద్దీ, బిల్డ్ (కోడ్‌ను నడిచే ప్రోగ్రామ్‌గా మార్చే పని) ఎంతకీ పూర్తి కావడం లేదన్న టెన్షన్ పెరుగుతుంది. సరిగ్గా అప్పుడే చాలామంది కొత్త ఎస్‌ఎస్‌డీలు తెచ్చి, రెండింటినీ రెయిడ్ 0లో (డేటాను రెండింటికీ పంచి ఒకే డిస్క్‌లా వాడే పద్ధతి) కలిపి, కనబడిన మౌంట్ ఆప్షన్లన్నీ (డిస్క్‌ను సిస్టమ్‌కు ఎలా జోడించాలో చెప్పే సెట్టింగ్‌లు) పెట్టేస్తారు. దాంతో కొంత వేగం వస్తుంది, కాదనను. కానీ డేటాలో రెండు రకాలున్నాయి. ఒకటి, పోయినా మళ్లీ తయారు చేసుకోగలిగింది. రెండోది, పోతే ఇక దొరకనిది. ఈ రెండింటినీ వేరు చేశాకే వేగం జోలికి వెళ్లాలి.

అసలు ఆలస్యం డిస్క్ వల్లేనా? ముందు అది తేల్చుకోండి. బిల్డ్ నడుస్తుండగా ఇంకో టెర్మినల్‌లో లినక్స్‌లోని వీఎంస్టాట్ (vmstat) కమాండ్ పెట్టి చూడండి. ప్రాసెసర్ కోర్లన్నీ పూర్తిగా పనిలో ఉండి, డిస్క్ కోసం ఎదురుచూపును చూపే డబ్ల్యూఏ అంకె సున్నా దగ్గరే ఉంటే, ఎంత ఖరీదైన డిస్క్ కొన్నా ఒరిగేదేమీ ఉండదు. ఎస్ఐ, ఎస్ఓ అంకెలు ఆగకుండా కదులుతుంటే ర్యామ్ చాలక స్వాప్ (డిస్క్‌నే ర్యామ్‌లా వాడుకోవడం) నడుస్తోందన్నమాట. అది డిస్క్ సమస్యలా కనిపిస్తుంది గానీ కాదు. పారలల్ జాబ్‌లు (ఒకేసారి నడిచే పనులు), ముఖ్యంగా కంపైలైన ముక్కలను కలిపే లింకింగ్ జాబ్‌లు తగ్గించి చూడండి. పైగా లినక్స్ ఒకసారి చదివిన ఫైళ్లను ఖాళీగా ఉన్న ర్యామ్‌లోనే ఉంచుకుంటుంది. ర్యామ్ బాగా ఉన్న మెషీన్‌లో రెండోసారి చేసే బిల్డ్ డిస్క్ నుంచి చదివేది చాలా తక్కువ. అందుకే నా ఓటు ముందు ర్యామ్‌కే.

రెయిడ్ 0 గురించి కాస్త వివరంగా చెప్పాలి. దీంట్లో ఒక్క డిస్క్ పోతే మొత్తం పోయినట్టే. రెండు డిస్క్‌లు కలిపితే ప్రమాదం కూడా దాదాపు రెట్టింపవుతుంది. అంత రిస్క్ తీసుకుని లాభం పొందేది పెద్ద ఫైళ్లను వరసగా చదివే, రాసే పనుల్లోనే. కంపైలర్ చేసే పని వేరు. వేల కొద్దీ చిన్న చిన్న హెడర్లు తెరవడం, చిన్న ఆబ్జెక్ట్ ఫైళ్లు (కంపైలైన ముక్కలు) రాయడం. అక్కడ సెకనుకు ఎన్ని గిగాబైట్లు అన్నది కాదు, ఒక్కో చిన్న రిక్వెస్ట్‌కు డిస్క్ ఎంత త్వరగా జవాబిస్తుందన్నదే ముఖ్యం. డిస్క్‌లు కలిపినంత మాత్రాన అది మెరుగుపడదు. పాత తరహా సాటా డిస్క్ నుంచి మంచి ఎన్‌వీఎంఈకి (ఇంకా వేగమైన రకం ఎస్‌ఎస్‌డీ) మారితే చాలా బిల్డ్‌లకు అదే సరిపోతుంది. అయినా రెయిడ్ 0 కావాలనుకుంటే బిల్డ్ అవుట్‌పుట్, సీక్యాష్ (ccache, పాత కంపైల్ ఫలితాలను దాచుకునే టూల్) మాత్రమే దాని మీద ఉంచండి. ఇంకా సర్వర్‌కు పుష్ చేయని బ్రాంచ్‌లు, గిట్ స్టాష్‌లు (కమిట్ చేయకుండా పక్కన పెట్టిన మార్పులు), రిలీజ్‌పై డిజిటల్ సంతకానికి వాడే సైనింగ్ కీలు అటువైపు వెళ్లకూడదు. స్టాష్ సంగతి చాలామందికి గుర్తుండదు. అది సర్వర్‌లో ఎక్కడా ఉండదు, మీ డిస్క్‌లో మాత్రమే ఉంటుంది.

ఫార్మాట్ చేసే ఘడియలో తొందర పనికిరాదు. ఎన్‌వీఎంఈ 0, ఎన్‌వీఎంఈ 1 లాంటి పేర్లు రీబూట్ తర్వాత తారుమారు కావచ్చు, నిన్న చూసిన పేరును నమ్మొద్దు. డిస్క్‌ల జాబితా ఇచ్చే ఎల్ఎస్‌బ్లాక్ (lsblk) కమాండ్‌లో సైజు, మోడల్, సీరియల్ నంబర్, మౌంట్ అయిన చోటు అన్నీ తెప్పించుకుని, సీరియల్‌ను డిస్క్ మీది స్టిక్కర్‌తో పోల్చాకే ఫార్మాట్ చేసే ఎంకేఎఫ్ఎస్ (mkfs) కమాండ్ కొట్టండి. బూట్‌లో ఏ డిస్క్ ఎక్కడ మౌంట్ కావాలో చెప్పే ఎఫ్‌స్టాబ్ (fstab) ఫైలులోనూ పేరు కాకుండా యూయూఐడీ (మారని గుర్తింపు సంఖ్య, UUID) రాసి, నోఫెయిల్ (nofail) ఆప్షన్ చేర్చండి. అది లేకపోతే, డిస్క్ దొరకనప్పుడు మెషీన్ ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగిపోతుంది. మెషీన్ వేరే ఊళ్లోని సర్వర్ గదిలో ఉంటే ఆ కష్టం చెప్పనక్కర్లేదు. రీబూట్ చేసే ముందే ఫైండ్‌మౌంట్ వెరిఫై ఆప్షన్‌తో (findmnt --verify) ఆ ఫైలు సరిచూసుకోండి.

నోఫెయిల్‌తో ఇంకో చిక్కు ఉంది. డిస్క్ మౌంట్ కాకపోయినా ఆ ఫోల్డర్ ఖాళీగా కనిపిస్తూనే ఉంటుంది. బిల్డ్ అందులోకే రాసుకుంటూ పోయి రూట్ పార్టిషన్‌ను నింపేస్తుంది. దీనికి తేలికైన విరుగుడు, మౌంట్ చేయక ముందే ఆ ఖాళీ ఫోల్డర్‌కు చాట్ర్ ప్లస్ ఐ (chattr +i, అందులో ఏమీ రాయనివ్వని గుర్తు) పెట్టడం. అప్పుడు డిస్క్ లేకపోతే బిల్డ్ మొదట్లోనే ఎర్రర్ ఇచ్చి ఆగుతుంది.

స్థలం లెక్క ముందే వేసుకోండి. ఆండ్రాయిడ్ సోర్స్‌కు గూగుల్ చెప్పేదే 400 జీబీ ఖాళీ: కోడ్‌కు 250, బిల్డ్‌కు 150. రెండో బ్రాంచ్ చెకౌట్ చేస్తే మరికొంత. ఈఎక్స్‌టీ4 (ext4) ఫైల్ సిస్టమ్‌లో ఐనోడ్‌ల (ఒక్కో ఫైలుకు ఒకటి చొప్పున వాడే రికార్డుల) సంఖ్య ఫార్మాట్ సమయంలోనే ఖరారవుతుంది, తర్వాత ఆ నిష్పత్తి మార్చలేం. మామూలుగా 16 కేబీకి ఒకటి, అంటే 500 జీబీ డిస్క్‌కు సుమారు 3 కోట్లు. అంతకంటే చిన్న ఫైళ్లే ఎక్కువుంటే, స్థలం మిగిలి ఉండగానే డిస్క్ నిండిందన్న ఎర్రర్ వస్తుంది. డీఎఫ్ కమాండ్‌కు ఐ ఆప్షన్ (df -i) ఇస్తే అసలు సంగతి తెలుస్తుంది. ఎక్స్‌ఎఫ్‌ఎస్ (XFS) అనే ఇంకో ఫైల్ సిస్టమ్‌లో ఈ బెడద తక్కువే గానీ, దాన్ని తర్వాత కుదించుకోవచ్చని మాత్రం అనుకోవద్దు.

మౌంట్ ఆప్షన్లలో నోఏటైమ్ (noatime, ఫైలు చదివిన సమయాన్ని రాయకుండా ఆపేది) భయం లేకుండా పెట్టుకోవచ్చు. బ్యారియర్లు (డేటా డిస్క్ మీదికి సరైన వరసలో చేరేలా చూసే ఏర్పాటు) తీసేయడం మాత్రం వద్దు. కరెంటు పోతే ఫైల్ సిస్టమే చెడిపోవచ్చు. అది బాగానే లేచినా ఇంకో ప్రమాదం మిగిలే ఉంటుంది. సగం రాసిన ఆబ్జెక్ట్ ఫైలు మీద కొత్త టైమ్‌స్టాంప్ ఉంటుంది, బిల్డ్ నడిపే మేక్ (make) టూల్ దాన్ని పూర్తయిందనే నమ్ముతుంది. తర్వాత వచ్చే వింత ఎర్రర్‌లకు కారణం కోడ్‌లో వెతుకుతూ కూర్చోవాల్సి వస్తుంది. అందుకే మెషీన్ హఠాత్తుగా ఆగిన ప్రతిసారీ అవుట్‌పుట్ చెరిపేసి మొదటి నుంచి బిల్డ్ చేయండి.

టీఎంపీఎఫ్ఎస్ అంటే ర్యామ్‌లో డిస్క్. సైజు చెప్పకపోతే ర్యామ్‌లో సగం దాకా పెరుగుతుంది, కంపైలర్‌కు కావాల్సిన మెమరీ అక్కడే ఖర్చవుతుంది. సైజు మీరే ఇవ్వండి. రీబూట్ అయితే అందులో ఏమీ మిగలదు, లాగ్‌లు వేరే చోట రాయించండి.

చవక ఎస్‌ఎస్‌డీలు మొదట్లో దూసుకెళ్లి, లోపలి ఎస్ఎల్‌సీ క్యాష్ (వేగంగా రాసుకునే చిన్న భాగం) నిండగానే బాగా నెమ్మదిస్తాయి. డిస్క్ నిండుతున్నకొద్దీ ఆ క్యాష్ కూడా తగ్గుతుంటుంది కాబట్టి ఐదో వంతు ఖాళీగా ఉంచండి. ఖాళీ అయిన చోట్ల గురించి ఎస్‌ఎస్‌డీకి చెప్పే (దీన్నే ట్రిమ్ అంటారు), వారానికోసారి నడిచే ఎఫ్‌ఎస్‌ట్రిమ్ (fstrim) టైమర్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. డిస్క్ లినక్స్ ఎన్‌క్రిప్షన్ పద్ధతి లక్స్‌తో (LUKS) ఎన్‌క్రిప్ట్ అయి ఉంటే, డిస్కార్డ్‌ను (ట్రిమ్ రిక్వెస్ట్‌లను) విడిగా అనుమతిస్తే తప్ప ట్రిమ్ కింది దాకా చేరదు. రోజూ పెద్ద బిల్డ్‌లు చేసేవాళ్లు నెలకోసారి ఎన్‌వీఎంఈ స్మార్ట్ లాగ్‌లో అరుగుదల శాతం, వేడి రెండూ చూసుకోవాలి. సీక్యాష్ పరిమితి మామూలుగా 5 జీబీయే. పెద్ద ప్రాజెక్టుకు అది చాలదు, పాతవి వాడుకునేలోపే చెరిగిపోతాయి, పెంచుకోండి.

ఈ మార్పులేవీ రిలీజ్ వారంలో పెట్టుకోవద్దు. రెండు వారాల ముందే చేసి, కొత్త డిస్క్ మీద మొదటి నుంచి ఒక పూర్తి బిల్డ్ నడిపి, టెస్ట్‌లు పాసయ్యేదాకా పాత డిస్క్‌ను చెరపకుండా అలాగే ఉంచండి.