వలసదారుల గురించిన ప్రసంగాన్ని ఎలా వినాలి

వలసదారుల గురించి ఒక నాయకుడు మాట్లాడినప్పుడు, ఆ ప్రసంగంలోంచి ఒక్క వాక్యాన్ని కాగితం మీద రాసుకుని, ఆ మనుషులను ఆయన ఏ పేరుతో పిలిచారో ముందుగా దాని కింద గీత గీయండి. వాదన మొదలుకాక మునుపే తీర్పు ఆ పేరులో ఇమిడిపోయి ఉండవచ్చు. 2018 జూలై 30న వెలువడిన అస్సాం జాతీయ పౌర పట్టిక ముసాయిదాలో సుమారు 40 లక్షల మంది పేర్లు లేవు. వారు పత్రాలు చూపి మొరపెట్టుకునే గడువు ఇంకా మొదలుకాకుండానే కొన్ని రాజకీయ ప్రసంగాలలో ‘చొరబాటుదారులు’ అయిపోయారు. మరుసటి ఏడాది ఆగస్టు 31న వచ్చిన తుది జాబితాలో ఆ సంఖ్య 19 లక్షలకు తగ్గింది, వారికి కూడా, ఎవరు విదేశీయులో విచారించి తేల్చే విదేశీయుల ట్రైబ్యునల్‌కు వెళ్లే హక్కు ఉంది. చొరబడటమనే మాటను మనం దొంగలకూ శత్రు సైనికులకూ వాడుతాం కనుక, ఆ పేరు పడ్డాక, పత్రంలో అక్షరం తేడా వల్ల జాబితాకెక్కని ముసలమ్మ మన కళ్లముందుకు రాదు.

తరువాత ఉపమానాన్ని వెతకండి. 2015 జూలైలో బ్రిటన్ ప్రధాని డేవిడ్ కామెరాన్ మధ్యధరా సముద్రం దాటి వస్తున్నవారికి పురుగుల దండుకు వాడే ‘స్వార్మ్’ అనే మాట వాడారు. 2018 సెప్టెంబరులో అప్పటి భారతీయ జనతా పార్టీ అధ్యక్షుడు అమిత్ షా అక్రమంగా వచ్చినవారిని చెదపురుగులతో పోల్చారు. అలాంటిది వినగానే, ఆ వస్తువు ఎదురైతే మనం మామూలుగా ఏం చేస్తామో తలచుకోండి: వరదకు కట్ట వేస్తాం, చెదకు మందు కొడతాం. పరిష్కారమేమిటో నాయకుడు నోటితో చెప్పనక్కరలేదు, శ్రోత మనసే దాన్ని పూర్తిచేస్తుంది. నా దృష్టిలో అన్నిటికంటే ప్రమాదకరమైనది ఇదే.

సంఘటన చెబితే ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అని అడగండి. 2024 సెప్టెంబరు 10న టీవీ చర్చలో, ఓహాయో రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో వలసదారులు పెంపుడు కుక్కలను తింటున్నారని డొనాల్డ్ ట్రంప్ అన్నారు. నమ్మదగిన ఫిర్యాదులేవీ లేవని నగర అధికారులు చెప్పినా, తరువాతి రోజుల్లో బాంబు బెదిరింపుల వల్ల అక్కడి బడులను ఖాళీ చేయించవలసి వచ్చింది.

చివరగా, వాక్యంలో వలసదారులన్న చోట డాలస్‌లోనో దుబాయ్‌లోనో ఉన్న మీ ఇంటి మనిషి పేరు పెట్టి పైకి చదవండి. సరిహద్దుల గురించీ వీసాల గురించీ గట్టిగా వాదించడం తప్పు కాదు. ‘గడువు దాటి ఉన్నవారిని వెనక్కి పంపాలి’ అనే మాటను ఆ పేరు పెట్టి కూడా, బాధపడుతూనైనా, చదవగలం. ‘చెద’ అన్న వాక్యాన్ని చదవలేం.