అది మీకెలా తెలుసు? ఈ ప్రశ్న ముందు మనల్ని మనమే వేసుకోవాలి

ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎందుకొస్తోందని మా శ్రీకాకుళం వైపు ఎవరినైనా అడిగి చూడండి, క్షణం ఆలోచించకుండా జవాబు చెప్పేస్తారు. ఒకరు నీళ్లంటారు, ఒకరు తోటల్లో కొట్టే మందులంటారు. నీటిలో సిలికా, భారలోహాలు, పురుగుమందులు, మండుటెండలో చేసే పని, నొప్పి మాత్రలు, ఇలా పరిశోధకులు ఏళ్ల తరబడి వెతుకుతున్నా ఇదొక్కటే కారణమని ఇప్పటికీ తేల్చలేదు. అంత చదివినవాళ్లే తేలలేదంటుంటే మనకెలా తేలిపోయింది? ఆలోచించడం అక్కడే మొదలుపెట్టాలి.

ఒక నోట్‌బుక్ తీసుకోండి. మీరు గట్టిగా నమ్మే మాట ఒకటి రాసి, అది మీకెలా తెలిసిందో దాని కింద రాయండి: కళ్లారా చూశారా, చదివారా, ఎవరైనా చెబితే విన్నారా? విన్నదైతే, చెప్పినాయనకి ఎవరు చెప్పారు? చాలాసార్లు ఆ రెండో ప్రశ్నకే జవాబుండదు.

ఇప్పుడు వాట్సాప్‌లో ఒక వీడియో వచ్చిందనుకోండి, ఫలానా ఆకు రసం తాగాను, క్రియాటినిన్ (కిడ్నీలు సరిగా వడకట్టకపోతే రక్తంలో పెరిగే వ్యర్థం) దిగిపోయింది, డయాలసిస్ మానేశాను అని. అబద్ధమని కొట్టిపారేయక్కర్లేదు, అడగండి. రసం మొదలుపెట్టక ముందు రిపోర్టు ఏది, తర్వాతది ఏది, డాక్టర్ రాసిన మందులు కూడా వాడుతున్నాడా? నా దృష్టిలో వీటన్నిటికన్నా పెద్ద ప్రశ్న ఇంకోటుంది: అదే రసం తాగినా తగ్గనివాళ్లు ఎంతమంది? తగ్గినవాడు వీడియో పెడతాడు, ముదిరిపోయినవాడి ఇంటి నుంచి ఏ వీడియో రాదు. ఈలోపు దాన్ని నమ్మి ఎవరైనా డయాలసిస్ మానేస్తే ప్రాణం మీదికొస్తుంది, కాబట్టి మొహమాటం వద్దు, పంపినవాడు సొంత బావే అయినా సరే "ఎవులు సెప్పినారు బావా, రిపోర్టు సూసినావేటి?" అని అడిగేయండి.

ఎదుటివాళ్లని నిలదీయడం తేలికే. మనల్ని మనం నిలదీసుకోవడం కష్టం. రాత్రి పడుకునే ముందు ఆరోజు జరిగిన వాదన ఒకటి గుర్తుతెచ్చుకుని, అవతలివాళ్లు చదివితే "అవును, నేనన్నది ఇదే" అనేలా వాళ్ల మాట రాయండి. తర్వాత అందులో మీకెక్కడ గుచ్చుకుందో రాయండి. తరచి చూస్తే ఆ గుచ్చుకున్న చోట మన పరువో, కులమో, పార్టీయో కనిపిస్తుంది.

విజయనగరంలో గురజాడ కన్యాశుల్కం 1892లో ప్రదర్శనకెక్కింది, 1897లో అచ్చయింది, జనం మెచ్చారు. అయినా ఆయన దాన్ని దాదాపు కొత్తగా తిరగరాసి 1909లో మళ్లీ అచ్చువేయించారు. నలుగురూ బాగుందన్నదాన్నే మళ్లీ విప్పి చూసుకోవాలంటే ఎంత నిబ్బరం కావాలి!

మీ నోట్‌బుక్‌లో ప్రతి మాట పక్కనా తేదీ వేయండి, ఆరు నెలలకోసారి తిరగేయండి. అభిప్రాయం మారిన చోట పాతది కొట్టేయకండి, ఏది చూసి మారిందో దాని కిందే రాయండి.