పాత పనిముట్ల మీద డెకాల్ మార్చే ముందు

డెకాల్ అంటే కంపెనీ పేరో బొమ్మో అచ్చేసి, నీళ్లలో నానబెట్టి అంటించే పల్చటి పొర. చిత్రిక పిడి మీదో, చేతి డ్రిల్లు మీదో అరిగిన డెకాల్‌లో సగం పైగా చదవడానికి వీలుంటే దాన్ని కదపకండి. మెరిసే నకలు కన్నా మాసిన అసలుకే సేకర్తల దగ్గర విలువ. మార్చక తప్పదంటే పక్కన స్కేలు పెట్టి ఫొటో తీయండి, పిడి అంచు నుంచి ఎన్ని మిల్లీమీటర్ల దూరంలో ఉందో రాసుకోండి. గీకేశాక ఆ కొలత ఎక్కడా దొరకదు.

పాత రంగులో సీసం ఉండొచ్చు. పొడిగా రుద్దకుండా తడిపి రుద్దండి. గుడ్డ మాస్కు ఆ దుమ్మును ఆపదు, సన్నటి దుమ్మును ఆపే పీ100 ఫిల్టర్ ఉన్న మాస్కే పెట్టుకోండి.

ఇంట్లో ప్రింట్ చేసుకునేవాళ్ల డెకాల్ ఎక్కువగా చెడేది నీళ్లలో వేసినప్పుడే. ఇంక్‌జెట్ సిరా నీటికి కారిపోతుంది. ముందే క్లియర్ అక్రిలిక్ స్ప్రే మూడు పల్చటి పూతలు వేసి రాత్రంతా ఆరనివ్వాలి. లేజర్ ప్రింటుకు ఈ బెడద లేదు. ఇంకో సంగతి: మామూలు ప్రింటర్లలో తెల్ల సిరా ఉండదు. పారదర్శక డెకాల్ కాగితం మీద వేసిన పసుపు అక్షరాలు ముదురు చెక్క మీద కనబడవు. అలాంటి చోట తెల్ల డెకాల్ కాగితం వాడి, అంచు వెంట దగ్గరగా కత్తిరించాలి.

మైనం, నూనె ఉన్న చెక్కకు డెకాల్ పట్టదు. అవిసె నూనె పూసి ఉంటే అది పూర్తిగా ఆరేదాకా ఆగాలి. నూనె తుడిచిన గుడ్డలు కుప్పగా వేస్తే వాటంతటవే వేడెక్కి నిప్పంటుకోవచ్చు, విడివిడిగా పరిచి ఆరబెట్టండి. డెకాల్ అంటించే ముందు చెక్కకు మెరుపు వార్నిష్ వేయండి, చివరికి మ్యాట్ (మెరుపు లేని పూత) కావాలనుకున్నా సరే. గరుకు ఉపరితలం మీద పొర కింద గాలి చిక్కుకుని పాలలా తెల్లగా కనబడుతుంది.

గోరువెచ్చని నీళ్లలో అర నిమిషం నుంచి నిమిషం చాలు. పొర కాగితం మీద జారుతుంటే, తడిపిన పిడి మీదకు జరిపి, మెత్తటి బ్రష్‌తో మధ్య నుంచి అంచులకు నీళ్లు తోయండి. వంపు దగ్గర సెట్టింగ్ ద్రావణం (పొరను మెత్తబరిచి వంపుకు అతుక్కునేలా చేసేది) రాస్తే పొర ముడతలు పడుతుంది. భయపడి వేలు పెట్టకండి, చిరుగుతుంది. ఆరేకొద్దీ దానంతటదే సర్దుకుంటుంది.

ఒక రోజు ఆరాక పై పూతగా లాకర్ (త్వరగా ఆరే పారదర్శక స్ప్రే పూత). లాకర్‌ను ఒకేసారి దట్టంగా కొడితే అందులోని థిన్నర్ డెకాల్‌ను తినేస్తుంది. మొదటి రెండు మూడు పూతలు మంచు పడ్డంత పల్చగా ఉండాలి. గాలిలో తేమ ఎక్కువున్న రోజు లాకర్ తెల్లబారుతుంది, వాయిదా వేయండి. డెకాల్ రెండు కాపీలు ప్రింట్ చేయండి. మొదటిది పనికిరాని చెక్కముక్క మీద అదే వార్నిష్, అదే లాకర్‌తో అంటించి చూడటానికి.