ఇంట్లోనే ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ జాయ్‌స్టిక్ చేసుకోవడం ఎలా?

కంప్యూటర్‌లో విమానం నడిపే సిమ్యులేటర్‌కు వాడే మామూలు జాయ్‌స్టిక్‌లో ఉండేది స్ప్రింగ్. విమానం రన్‌వే మీద నిలబడి ఉన్నా, 300 నాట్ల వేగంతో కిందికి దూసుకుపోతున్నా అది ఒకే బలంతో మధ్యకు లాగుతుంది. అసలు విమానంలో అలా ఉండదు. స్టిక్ నుంచి ఎలివేటర్ (ముక్కును పైకీ కిందికీ తిప్పే తోక పలక) దాకా కేబుళ్లే ఉన్న చిన్న విమానంలో వేగం రెండింతలైతే గాలి ఒత్తిడి నాలుగింతలవుతుంది, స్టిక్ ఆ మేరకు బరువెక్కుతుంది. స్టాల్ (రెక్కలు విమానాన్ని మోయలేని స్థితి) దగ్గరపడుతుంటే వదులైపోతుంది, వణుకు మొదలవుతుంది. ట్రిమ్ (స్టిక్‌ను పట్టుకోకుండానే ఒక చోట నిలిపే సర్దుబాటు) తిప్పితే స్టిక్ నిలబడే చోటే మారిపోతుంది. ఇవన్నీ చేతికి తెలియాలంటే స్ప్రింగ్ తీసేసి మోటార్లు పెట్టాల్సిందే. దీన్నే ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ అంటారు.

నేను ఇలాంటివి చాలా చేశాను, ఇతరులు చేసుకున్నవి బాగుచేసి కూడా ఇచ్చాను. చట్రం చక్కగా కుదురుతుంది, ప్రోగ్రామ్ ఎక్కుతుంది. మొదటిసారి కరెంటు ఇచ్చిన రోజే బెల్టు తెగుతుంది, మోటార్‌కు కరెంటు అందించే డ్రైవర్ బోర్డు మాడుతుంది. అందుకే ఆ దశ గురించే ఎక్కువ చెబుతాను.

సామాన్లు

24 వోల్టుల బ్రష్ డీసీ మోటార్లు రెండు (ముక్కు పైకీ కిందికీ కదిలే పిచ్‌కి ఒకటి, రెక్కలు పక్కకు వంగే రోల్‌కి ఒకటి), బీటీఎస్7960 మోటార్ డ్రైవర్లు రెండు, 24 వోల్టుల పవర్ సప్లై, అర్డుయినో లియోనార్డో లేదా ప్రో మైక్రో బోర్డు, స్టిక్ ఎంత వంగిందో చెప్పే ఏఎస్5600 మాగ్నెటిక్ సెన్సర్లు రెండు, పళ్ల బెల్టులు, పుల్లీలు, బేరింగులు, ఒక ఎమర్జెన్సీ స్విచ్. అర్డుయినోలోనే ఊనో బోర్డు వద్దు. దానికి నేరుగా కంప్యూటర్‌కు జాయ్‌స్టిక్‌లా కనిపించే శక్తి లేదు. లియోనార్డోలోని చిప్‌కు ఉంది.

రెండు ఏఎస్5600లకూ ఒకే ఐ2సీ (రెండు తీగల మీద చిప్‌లు మాట్లాడుకునే పద్ధతి) అడ్రస్ ఉంటుంది, దాన్ని మార్చలేం. రెండింటినీ ఒకే తీగల మీద పెట్టి "సెన్సర్ పాడైంది" అనుకునేవాళ్లు చాలామంది. మధ్యలో ఒక ఐ2సీ మల్టీప్లెక్సర్ (ఒకసారికి ఒక సెన్సర్‌నే కలిపే చిప్) పెట్టండి.

చట్రం

18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ గానీ అల్యూమినియం గానీ వాడండి. తిరిగే ప్రతి చోటా బేరింగ్ ఉండాలి. మోటార్ నుంచి స్టిక్‌కు సుమారు 1:10 తగ్గింపు చాలు. లెక్క ఇలా: పిడి ఇరుసుకు 25 సెంటీమీటర్ల ఎత్తున ఉందనుకోండి. చేతికి 2 కిలోల బరువు, అంటే దాదాపు 20 న్యూటన్లు, తెలియాలంటే ఇరుసు దగ్గర 5 న్యూటన్ మీటర్లు కావాలి. మోటార్ 0.5 ఇస్తే సరిపోతుంది.

పళ్ల చక్రాల గేర్‌బాక్స్ వాడకూడదు. పంటికీ పంటికీ మధ్య ఉండే సన్నని ఖాళీ, స్టిక్ మధ్యలో ఉన్నప్పుడు టక్ టక్‌మని చేతికి తగులుతుంది. విమానం తిన్నగా పోతున్నంతసేపూ చేయి ఉండేది అక్కడే. కారు వైపర్ మోటార్ అసలే వద్దు. లోపల వార్మ్ గేర్ ఉంటుంది కాబట్టి చేత్తో తోస్తే వెనక్కి తిరగదు. మోటార్ కనెక్షన్ తీసేసి స్టిక్‌ను ఒక్క వేలితో తోయండి. నూనె రాసిన తలుపులా జారాలి. జారకపోతే ముందుకు వెళ్లకండి, ఎంత ప్రోగ్రామ్ రాసినా ఆ బిగుతు పోదు.

సెన్సర్

దీన్ని స్టిక్ ఇరుసు మీదే పెట్టాలి. పొటెన్షియోమీటర్ (తిప్పితే నిరోధం మారే నాబ్) చాలదా అని అడుగుతుంటారు. 270 డిగ్రీలు తిరిగే పొటెన్షియోమీటర్‌ను ఈ బోర్డు 1024 మెట్లుగా చదువుతుంది. స్టిక్ కదిలేది 40 డిగ్రీలే కాబట్టి దక్కేవి 150 మెట్లు. ఏఎస్5600 పూర్తి చుట్టును 4096గా విడగొడుతుంది, అవే 40 డిగ్రీలకు 450 పైచిలుకు మెట్లు వస్తాయి. ఈ తేడా కింద డ్యాంపింగ్ (ఊగడాన్ని అణచే బలం) దగ్గర బయటపడుతుంది.

ఇక ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ ఉన్న అర్డుయినో జాయ్‌స్టిక్ లైబ్రరీని ఎక్కించి, పీడబ్ల్యూఎం (కరెంటును వేగంగా ఆన్, ఆఫ్ చేసి మోటార్ బలాన్ని మార్చే పద్ధతి) ఫ్రీక్వెన్సీని 20 కిలోహెర్ట్జ్‌కి మార్చండి. లేదంటే మోటార్ దోమలా కూస్తూనే ఉంటుంది.

మొదటిసారి కరెంటు

ఇక్కడ తొందర పనికిరాదు. రెండు బెల్టులూ తీసేయండి. అవును, బిగించినవే. ప్రోగ్రామ్‌లో మోటార్ శక్తిని 10 శాతానికి కట్టేయండి. మోటార్ ఇరుసుకు చిన్న టేపు ముక్క జెండాలా అంటించండి. స్ప్రింగ్ ఎఫెక్ట్ ఆన్ చేసి స్టిక్‌ను కుడికి వంచండి. టేపు జెండా స్టిక్‌ను ఎడమకు లాగే వైపు తిరగాలి. ఎడమకు వంచితే ఎదురు వైపు తిరగాలి. పిచ్‌కీ ఇలాగే చూడండి.

తప్పు వైపు తిరిగితే ఏమవుతుందో ముందే తెలుసుకోండి. స్టిక్ ఒక డిగ్రీ పక్కకు జరగగానే మోటార్ దాన్ని వెనక్కి లాగడానికి బదులు ఇంకా ముందుకు తోస్తుంది. జరిగే కొద్దీ బలం పెరుగుతుంది, కన్ను మూసి తెరిచేలోపు స్టిక్ చివరికి వెళ్లి గుద్దుకుంటుంది. నా రెండో స్టిక్‌కు బెల్టు ఉంచి, పూర్తి శక్తితో ఆన్ చేశాను. బెల్టు పళ్లు వరసగా ఊడిపోయాయి, స్టిక్‌కూ చట్రానికీ మధ్య నలిగిన నా బొటనవేలి గోరు నల్లబడి, అది పోవడానికి నెలలు పట్టింది.

దిశ తప్పయితే మోటార్ తీగలు రెండూ తారుమారు చేయండి. ప్రోగ్రామ్‌లో మైనస్ గుర్తు పెట్టి సరిచేయకండి. రేపు ప్రోగ్రామ్‌ను కొత్తగా ఎక్కించినప్పుడు ఆ మైనస్ పోతుంది, తీగలు మాత్రం అలాగే ఉంటాయి.

ఇప్పుడు ఒక బెల్టు మాత్రమే వేయండి. ఎమర్జెన్సీ స్విచ్ ఎడమ చేతి కింద ఉండాలి. ముఖం స్టిక్ మీదికి వంచకూడదు. శక్తిని 5 శాతం చొప్పున పెంచుతూ, ప్రతిసారీ స్టిక్‌ను పక్కకు లాగి వదలండి. మధ్యను ఒక్కసారి దాటి వెనక్కొచ్చి ఆగిపోతే బాగున్నట్టు. ఊగుతూనే ఉంటే శక్తి పెంచడం ఆపి డ్యాంపింగ్ పెంచండి. డ్యాంపింగ్ ఎక్కువైతే సన్నని గరగర మొదలవుతుంది. మెట్లు తక్కువగా ఉన్న సెన్సర్ నుంచి వేగం లెక్కగడితే వచ్చే రొద అది. ఆ గరగర వినిపించిన చోటి నుంచి కొంచెం వెనక్కి రండి, మీ హద్దు అక్కడే ఉంది.

తర్వాత వేడి. స్టిక్‌ను చివరి దాకా వంచి రెండు నిమిషాలు పట్టుకోండి. తిరగకుండా ఆగి ఉన్న మోటార్‌లో కరెంటంతా వేడిగానే మారుతుంది. మోటార్ మీద వేలు ఆనించి ఉంచలేకపోతున్నారంటే కరెంటు హద్దు తగ్గించాలి. స్టిక్‌ను గట్టిగా గుంజినప్పుడు పవర్ సప్లై ఆగిపోతుంటే మోటార్ జనరేటర్‌లా కరెంటు వెనక్కి పంపుతోందన్నమాట. డ్రైవర్ దగ్గర పెద్ద కెపాసిటర్ వేయండి.

పిడిలో చేతిని గుర్తుపట్టే స్విచ్ తప్పనిసరి. 1997 నాటి మైక్రోసాఫ్ట్ సైడ్‌వైండర్ ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ ప్రోలోనే పిడిలో అలాంటి సెన్సర్ ఉంది. చేయి తీస్తే మోటార్లు ఆగిపోయేవి. ఇప్పటికీ అది లేకుండా చేస్తున్నవి చూస్తే బాధగా ఉంటుంది.

సిమ్యులేటర్‌లో

డీసీఎస్ వరల్డ్ అనే విమాన సిమ్యులేటర్‌లో ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ ఆన్ చేయండి. పిచ్ బలం రోల్‌లో తెలుస్తుంటే ఎఫ్ఎఫ్ ట్యూన్ అనే సెట్టింగ్‌లో ఇరుసులు తారుమారు చేసే టిక్కు ఉంది, అది పెట్టండి. విమానాన్ని తిన్నగా, ఒకే ఎత్తులో నిలిపి, ముక్కు పైకి ట్రిమ్ వేస్తూ పోండి. స్టిక్ మెల్లగా మీ వైపు జరిగి అరచేతిలోకి వస్తుంది.