గడువుకు ముందే కారు బీమా రద్దు చేసుకోవడం: ఒడిశా సరిహద్దు తెలుగువారు చూసుకోవలసిన లెక్కలు

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం ప్రాంతాల్లో ఉండే మన తెలుగువారిలో చాలామంది కారును శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో కొని, అక్కడి ఏజెంటు చేతనే బీమా చేయించుకుంటారు. తరువాత కాపురం ఒడిశాకు మారినప్పుడు, "ఆంధ్రా పాలసీ ఇక్కడ పనికిరాదు, రద్దు చేసి కొత్తది కట్టండి" అని ఎవరో ఒకరు చెప్పగానే తొందరపడతారు. ఆ మాట నిజం కాదు. మోటారు బీమా పాలసీ దేశమంతటా చెల్లుతుంది. మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ ప్రకారం కారు పన్నెండు నెలలకు మించి మరో రాష్ట్రంలో ఉంటే అక్కడ తిరిగి రిజిస్టర్ చేయించాలి గాని, నంబరు ఓడీ-18గానో ఓడీ-20గానో మారినంత మాత్రాన ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు మారవు. కాబట్టి కొత్త ఆర్‌సీ జతచేసి, పాలసీలో నంబరును, చిరునామాను మార్చమని అర్జీ ఇస్తే సరిపోతుంది. కంపెనీ ఇచ్చే ఆ సవరణ పత్రాన్నే ఎండార్స్‌మెంట్ అంటారు.

కారు అమ్మినప్పుడు కూడా మొదట ఆలోచించవలసింది రద్దు గురించి కాదు. 157వ సెక్షన్ ప్రకారం కారుతో పాటు బీమా సర్టిఫికెట్ కూడా కొన్నవారికి బదిలీ అయినట్టే లెక్క. పాలసీలో పేరు మార్పు కోసం కొన్నవారు 14 రోజుల్లో కంపెనీకి దరఖాస్తు చేసుకోవాలి. అమ్మినవారు తమ నో క్లెయిమ్ బోనస్‌ను (క్లెయిమ్ లేని ఏళ్లకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపును) నిలుపుకుంటూ కంపెనీ నుంచి లేఖ తీసుకుంటే, మూడేళ్లలోపు కొనే మరో కారుకు దానిని వాడుకోవచ్చు, ఎందుకంటే ఆ బోనస్ మనిషికి చెందినదే గాని బండికి చెందినది కాదు.

ఇక నిజంగా రద్దు అవసరమయ్యే సందర్భాలు కొన్ని ఉన్నాయి. షోరూంవారు ఒక పాలసీ, మన ఏజెంటు మరొక పాలసీ ఇచ్చి ఒకే కారుకు రెండు బీమాలు పడటం, బండి పూర్తిగా పాడై ఆర్‌సీ రద్దు కావడం, కంపెనీ సేవ నచ్చక వేరే కంపెనీకి మారాలనుకోవడం అటువంటివి. రెండు బీమాలు పడినప్పుడు సాధారణంగా వెనుక మొదలైన పాలసీనే రద్దు చేస్తారు.

వాపసు ఎంత వస్తుందన్న విషయంలో పాత లెక్కకు, కొత్త లెక్కకు చాలా తేడా ఉంది. పాత మోటారు టారిఫ్ పద్ధతిలో, మనంతట మనం రద్దు కోరితే, పాలసీ నడిచిన కాలం ఒక నెలలోపైతే ఏడాది ప్రీమియంలో 20 శాతం, రెండు నెలలలోపైతే 30 శాతం, అలా నెలకు పది శాతం చొప్పున పెంచుతూ కంపెనీ అట్టిపెట్టుకునేది. ఎనిమిది నెలలు దాటితే పైసా కూడా తిరిగి వచ్చేది కాదు. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024 జూన్‌లో ఇచ్చిన మాస్టర్ సర్క్యులర్‌తో ఇది మారింది. వ్యక్తిగత పాలసీదారు కారణం చెప్పకుండానే రద్దు కోరవచ్చు. ఏడాది పాలసీలో క్లెయిమ్ ఏదీ లేకపోతే మిగిలిన రోజుల నిష్పత్తిలో ప్రీమియం వాపసు చేయాలి.

ఒక లెక్క వేసి చూద్దాం. పన్ను కాక సొంత నష్టానికి, అంటే మన కారుకే జరిగే నష్టానికి, కట్టిన ప్రీమియం రూ.12,000 అనుకోండి. పాలసీ జూన్ 1న మొదలై, 146 రోజులు నడిచి, అక్టోబరు 24తో ఆగిందంటే, మిగిలినవి 219 రోజులు. ఆ నిష్పత్తిన రూ.7,200 రావాలి. పాత పట్టిక ప్రకారమైతే అయిదో నెల నడుస్తున్నందున 60 శాతం పోయి రూ.4,800 మాత్రమే వచ్చేది. కంపెనీ తక్కువ మొత్తం చూపితే, ఏ పద్ధతిలో లెక్క కట్టారో రాతపూర్వకంగా అడగండి. అలా అడగడం మీ హక్కు.

పాలసీ కాలంలో ఒక్క క్లెయిమ్ తీసుకున్నా ఈ వాపసు ఆశించకూడదు. అంతకన్నా ముఖ్యంగా, రసీదులో ఎక్కడా కనిపించని నష్టం ఒకటుంది. క్లెయిమ్ లేని పన్నెండు నెలలు పూర్తయితేనే బోనస్ మరో మెట్టు ఎక్కుతుంది. ఆ మెట్లు 20, 25, 35, 45, 50 శాతాలు. ఇప్పుడు 25 శాతం బోనస్ ఉన్నవారు పది నెలలకే రద్దు చేసుకుంటే, రెండు నెలలు ఆగితే అందే 35 శాతాన్ని వదులుకున్నట్టే. చివరి రెండు మూడు నెలల్లో ఉన్నవారికి నా సలహా ఒక్కటే: గడువు తీరేదాకా ఆగి, రెన్యువల్ సమయంలోనే కంపెనీ మారండి.

మన బండి వల్ల ఇతరులకు కలిగే నష్టాన్ని భరించే థర్డ్ పార్టీ భాగం సంగతి వేరు. 146వ సెక్షన్ ప్రకారం అది తప్పనిసరి కనుక, మరో బీమా ఉన్నట్టు గాని, బండి ఇక రోడ్డెక్కదని గాని రుజువు చూపనిదే దానిని మామూలుగా రద్దు చేయరు. 2018 సెప్టెంబరు నుంచి కొత్త కార్లకు ఈ భాగాన్ని మూడేళ్లకు ఒకేసారి కట్టించుకుంటున్నారు. సొంత నష్టం పాలసీని మార్చుకున్నా ఇది అలాగే కొనసాగుతుంది.

ఈ వరుస మాత్రం తప్పకూడదు: ముందు కొత్త పాలసీ చేతికి రావాలి, ఆ తరువాతే పాతదాని రద్దు అర్జీ వెళ్లాలి. బీమా లేకుండా పట్టుబడితే మొదటిసారి రూ.2,000, మళ్లీ పట్టుబడితే రూ.4,000 జరిమానా, మూడు నెలల వరకు జైలు కూడా ఉండవచ్చు. అయితే నన్ను భయపెట్టేది జరిమానా కాదు. సాలూరు నుంచి కొరాపుట్‌కు ఎక్కే ఘాట్ రోడ్డు మీద బీమా లేని ఆ ఒక్క రోజే ప్రమాదం జరిగి ప్రాణం పోతే, పరిహారం మొత్తం బండి యజమాని మీద పడుతుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను గజపతి జిల్లాను ముంచినప్పుడు చూసినట్టు, చెట్టు కూలినా వరద ముంచినా ఆదుకునేది సొంత నష్టం బీమాయే. పైగా ఒకసారి విరామం వచ్చిందంటే, కొత్త కంపెనీ బండిని తనిఖీ చేశాకే సొంత నష్టానికి బీమా ఇస్తుంది. 90 రోజులు దాటితే కూడబెట్టిన బోనస్ అంతా పోతుంది.

అర్జీలో పాలసీ నంబరు, బండి నంబరు, రద్దు కోరే తేదీ, కొత్త పాలసీ వివరాలు, బ్యాంకు ఖాతా వివరాలు రాసి, రద్దు చేసిన చెక్కును జతచేయండి. కారు అప్పు తీరకపోతే పాలసీలో బ్యాంకు పేరు కూడా ఉంటుంది కనుక, ముందే వారికి తెలిపి, కొత్త పాలసీలోనూ వారి పేరు వేయించాలి. ఏజెంటుకు ఫోనులో చెప్పి ఊరుకోవద్దు. ఈమెయిల్ ద్వారానో రిజిస్టర్డ్ పోస్టులోనో పంపి, రసీదు దాచుకోండి. కంపెనీ ఫిర్యాదుల విభాగం నెల రోజుల్లో తేల్చకపోతే, బీమా ఫిర్యాదులను విచారించే అధికారి అయిన బీమా అంబుడ్స్‌మన్‌కు ఖర్చు లేకుండా ఫిర్యాదు చేయవచ్చు. పాలసీ విజయనగరంలో తీసుకున్నా, మీ నివాసం రాయగడ అయితే హైదరాబాదు దాకా వెళ్లనక్కరలేదు. ఫిర్యాదుదారు నివాసాన్ని బట్టి కూడా పరిధి నిర్ణయమవుతుంది కనుక భువనేశ్వర్ కార్యాలయమే మీ ఫిర్యాదును తీసుకుంటుంది.