కుక్క కోసం నేల కింద కంచె: వైరు వేయడం, కాలర్ కట్టడం, హద్దు నేర్పడం

వైరింగ్ నా వృత్తి. కుక్కలంటే ప్రాణం. నేల కింద వైరు వేసి కుక్కను ఇంటి హద్దులో ఉంచే కంచెలో ఈ రెండూ కలుస్తాయి కాబట్టి ఈ పని మీద నాకు పట్టింపు ఎక్కువ. ఎందుకు తగిలిందో తెలియని షాక్ కుక్కకు ఒక్కటి కూడా తగలకూడదు. వైరు ఎంత లోతున ఉండాలి, మూల ఎలా తిప్పాలి, కాలర్ ఎంత బిగించాలి అని కింద నేను చెప్పే ప్రతి కొలతా దానికోసమే.

ముందు ఇది ఎలా పనిచేస్తుందో చూద్దాం. ఇంట్లో గోడకు ఒక ట్రాన్స్‌మిటర్ ఉంటుంది. దాన్నుంచి బయల్దేరిన వైరు స్థలం చుట్టూ తిరిగి మళ్లీ దాని దగ్గరికే వస్తుంది. ఆ వైరులో తక్కువ ఫ్రీక్వెన్సీ సంకేతం నడుస్తూ ఉంటుంది. కుక్క మెడలోని కాలర్ ఆ సంకేతాన్ని పసిగడుతుంది. వైరు దగ్గరవుతుంటే ముందు బీప్ మంటుంది, ఇంకా ముందుకు వెళ్తే రెండు లోహపు మొనల ద్వారా మెడకు చిన్న షాక్ ఇస్తుంది. షాక్ వచ్చేది కాలర్‌లోని బ్యాటరీ నుంచే, నేలలోని వైరు నుంచి కాదు. అమెరికాలో రిచర్డ్ పెక్ అనే ఆయన దీనికి 1973లో పేటెంట్ తీసుకున్నాడు. సూత్రం ఈనాటికీ అదే.

కొనే ముందే ఆలోచించాల్సినవి కొన్ని ఉన్నాయి. ఈ కంచె మీ కుక్కను బయటికి పోనివ్వదేమో గానీ, బయటి కుక్కల్నీ మనుషుల్నీ లోపలికి రాకుండా ఆపదు. కరిచే అలవాటున్న కుక్కను దీని భరోసా మీద వదలడం తప్పు. చిన్న చప్పుడుకే మంచం కింద దూరే పిరికి కుక్కకూ ఇది పనికిరాదు. అది హద్దు నేర్చుకోదు, పెరడంటేనే భయపడుతుంది. ఆరు నెలలు నిండని పిల్లకు కట్టొద్దు. చట్టం కూడా చూసుకోండి. ఉదాహరణకు వేల్స్‌లో కుక్కలకు షాక్ ఇచ్చే కాలర్లను 2010లోనే నిషేధించారు, ఈ కంచె కాలర్లు కూడా అందులోకే వస్తాయి. మీరున్న చోట అలాంటి నిషేధం ఉంటే నిజమైన కంచె కట్టించుకోండి. ఎలాంటి నిషేధమూ లేనిచోట కూడా గోడో, జాలీ కంచో కట్టుకునే వీలుంటే నా ఓటు దానికే.

ఇవన్నీ చూసుకున్నాక కూడా వేయాలనుకుంటే ముందు కాగితం తీయండి. ఇల్లు, గేటు, వాకిలి, చెట్లు, నీటి గొట్టాలు, కరెంటు వైర్లు వెళ్లే దారులు అన్నీ గీయండి. భూమిలో ఏముందో తెలియకపోతే తవ్వకముందే సంబంధిత శాఖలకు ఫోన్ చేసి గుర్తులు పెట్టించుకోండి. వైరు పక్కవైపుకు ఎంత దూరం పనిచేయాలో ట్రాన్స్‌మిటర్ మీద మర తిప్పి పెట్టుకోవచ్చు. వైరు పక్కన సంకేతం అందే ఆ మేర ఎంత వెడల్పుంటే కుక్కకు బీప్ విని వెనక్కి తిరగడానికి అంత సమయం దొరుకుతుంది. అందుకే రోడ్డు అంచునే వైరు వేయనివ్వను. కనీసం మూడు మీటర్లు లోపలికి జరపమంటాను.

వైరు చుట్టు ఎక్కడా తెగకుండా మూసుకోవాలి. చాలామంది తడబడేది ఇంటి ముందు భాగానికి మాత్రమే కంచె కావాలన్నప్పుడు. వైరును ఒక దిక్కుగా తీసుకెళ్లి, అదే దారిలో వెనక్కి తేవాలి. ఆ రెండు వరసల మధ్య కనీసం ఒకటిన్నర మీటరు ఎడం ఉండాలి. ఎడం తగ్గితే రెండింటిలో ఎదురెదురుగా నడిచే కరెంటు ఒకదాని సంకేతాన్ని ఇంకొకటి చెరిపేస్తుంది, అక్కడ కంచె ఉండీ లేనట్టే. ఈ గుణాన్నే మనం ఇంకోచోట వాడుకుంటాం. ట్రాన్స్‌మిటర్ నుంచి హద్దు దాకా వెళ్లే రెండు వైర్లు కుక్క తిరిగే పెరటి మధ్యలోంచే పోవాలి కదా, అక్కడ సంకేతం ఉండకూడదు. అందుకే ఆ రెండింటినీ తాడు పేనినట్టు పురి పెడతాం. అడుగుకు పది, పన్నెండు మెలికలు పడాలి. అంతకంటే వదులుగా ఉంటే సంకేతం పూర్తిగా పోదు, పెరటి నడుమ నడుస్తున్న కుక్కకు కారణం లేకుండా షాక్ తగులుతుంది. చేత్తో తిప్పితే మెలికలు సమానంగా రావు. రెండు వైర్ల ఒక చివరను స్తంభానికి కట్టి, రెండో చివరను డ్రిల్లు మెషిన్‌లో బిగించి నెమ్మదిగా తిప్పండి. పురి పడేకొద్దీ పొడవు తగ్గుతుంది, ముందే కాస్త ఎక్కువ వైరు పెట్టుకోండి. ఈతకొలనునో పూలమడినో విడిగా కాపాడాలంటే కూడా ఇంతే: హద్దు నుంచి అక్కడిదాకా పురి వైరు, దాని చుట్టూ మామూలు వైరు.

మూలల్లో వైరును లంబకోణంలో మడవొద్దు. కనీసం ఒక మీటరు వ్యాసార్ధంతో గుండ్రంగా తిప్పండి. పదునైన మూలలో సంకేతం పలచబడుతుంది, తెలివైన కుక్క వారం తిరక్కుండానే ఆ సందు కనిపెడుతుంది.

వైరు ఎంత కావాలో ఇలా లెక్కేయండి. ఎకరం స్థలం చదరంగా ఉంటే చుట్టుకొలత సుమారు 254 మీటర్లు. పురి పెట్టే దూరానికి రెండింతలు కలపండి. మూలలకూ జాయింట్లకూ ఇంకో పదో వంతు. కిట్‌తో వచ్చే వైరు తరచూ 20 గేజ్ ఉంటుంది, సన్నది. గేజ్ అంకె తగ్గేకొద్దీ వైరు లావు, నేను 16 గానీ 14 గానీ వాడతాను. ధర ఎక్కువే అయినా పార తగిలితే తట్టుకుంటుంది. ఏ గేజ్ అయినా నేలలో నేరుగా పాతడానికి పనికొచ్చే ఇన్సులేషన్ ఉండాలి. ఇంట్లో ఫ్యాన్లకూ లైట్లకూ వేసే వైరు తడి నేలలో ఎక్కువ కాలం నిలవదు.

ట్రాన్స్‌మిటర్‌ను లోపల, తడి తగలని గోడకు పెట్టండి. మెయిన్ బోర్డు, ఫ్రిజ్, వాషింగ్ మెషిన్ లాంటి పెద్ద లోహపు వస్తువులకు కనీసం ఒక మీటరు దూరం ఉండాలి. పిడుగు దెబ్బకు ముందు పోయేది ఇదే, కాబట్టి ప్లగ్గుకూ హద్దు వైరుకూ సర్జ్ ప్రొటెక్టర్ (ఒక్కసారిగా ఎగసే కరెంటును అడ్డుకునే పరికరం) తప్పనిసరి. ఉరుములు మొదలైతే ప్లగ్గు తీసి, హద్దు వైర్లను కూడా విప్పేయడం ఇంకా మంచిది.

ఇక తవ్వకముందు, అంటే పార పట్టకముందే, వైరునంతా నేల మీద పరిచి కలిపి, ట్రాన్స్‌మిటర్ ఆన్ చేసి చూడండి. ఈ మెట్టు దాటేసిన వాళ్లు తర్వాత రెండోసారి తవ్వుకుంటారు. కిట్‌లో చిన్న టెస్టు బల్బు ఇస్తారు. దాని కాళ్లను కాలర్ మొనలకు ఆనించి, మీ కుక్క మెడ ఎంత ఎత్తులో ఉంటుందో అంత ఎత్తులో కాలర్‌ను పట్టుకుని, వైరు వైపు నడవండి. నేను ఈ పని సాయంత్రం వెలుగు తగ్గాక పెట్టుకుంటాను, బల్బు మిణుకు బాగా కనబడుతుందని. ముందు బీప్ వస్తుంది. ఇంకో అడుగు వేయగానే బల్బు ఎర్రగా మిణుకుతుంది. ఆ చోట నేల మీద సున్నంతో గీత పెట్టి, నాలుగడుగులు పక్కకు జరిగి మళ్లీ నడవాలి. అలా చుట్టూ తిరిగితే కుక్క పాలిట అసలు హద్దు ఎక్కడుందో కళ్లకు కడుతుంది. గీత ఎక్కడైనా వంకర పోయిందంటే పక్కన కరెంటు వైరో, జాలీ కంచో, పక్కింటి వాళ్ల ఇలాంటి కంచో ఉందని అర్థం. భూమిలోని కరెంటు వైర్ల పక్కన సమాంతరంగా వేయకండి. దాటక తప్పకపోతే అడ్డంగా, లంబంగా దాటండి.

తర్వాత అదే కాలర్ పట్టుకుని ఇల్లంతా తిరగండి, గది గదీ. ఒక ఇంట్లో హద్దు వైరు టీవీ కేబుల్ పక్కనే పోయింది. సంకేతం కేబుల్‌లోకి ఎక్కి హాల్లోకి వచ్చేసింది. వేరేవాళ్లు పని చేసి వెళ్లిన ఇల్లు అది. టీవీ ఎదురుగా ఉన్న తన పరుపు మీదికి కుక్క రావడం మానేస్తే, అలిగిందనుకున్నారట ఇంట్లోవాళ్లు. కాలర్‌ను ఆ పరుపు మీద పెట్టి చూస్తే బల్బు వెలిగింది. ఆ కుక్క అన్ని రోజులూ ఎంత నలిగిపోయి ఉంటుందో తలచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది. వైరును కేబుల్‌కు దూరంగా జరిపితే సరిపోయింది.

అంతా సరిగ్గా ఉంటే పాతడం తేలిక. లోతు ఒకటి నుంచి మూడు అంగుళాలు చాలు, బెత్తెడు మించి అక్కర్లేదు. చదును పారతో గడ్డిని చీల్చి, చీలికలో వైరును చెక్కముక్కతో నొక్కి, కాలితో తొక్కేస్తే గడ్డి కలిసిపోతుంది. వైరును బిగుతుగా లాగకండి. ఎండకూ చలికీ నేల కదిలినప్పుడు తెగకుండా కాస్త వదులు ఉండాలి. కాంక్రీటు వాకిలి అడ్డం వస్తే దిమ్మెల మధ్య ఉన్న సందులోంచి పోనివ్వండి. సందు లేకపోతే కటింగ్ మెషిన్‌తో సన్నగా గాడి కొట్టి, వైరు పెట్టి, నీరు దిగని సీలెంట్‌తో మూయండి. మట్టిదారి అయితే పీవీసీ పైపులోంచి తీసుకెళ్లండి.

జాయింట్ల విషయంలో నేను రాజీ పడను, ఎందుకంటే వైరు చెడేది ఎక్కువగా అక్కడే. వైరు కొసను సెంటీమీటరు మేర చెక్కి, రెండూ మెలిపెట్టి, కనెక్టర్ బిగించి, దాన్ని జెల్ నింపిన డబ్బీలో ముంచి మూయాలి. ఉత్త టేపు చుట్టి పాతితే ఒక వానాకాలం దాటదు. జాయింటుకు జానెడు ముందు రెండు వైర్లకూ కలిపి ఒక ముడి వేయండి, లాగుడంతా ముడి మీద పడుతుంది. ప్రతి జాయింటునూ కాగితంలో గుర్తు పెట్టండి.

కాలర్ మెడలో పైభాగాన, చెవులకు దగ్గరగా ఉండాలి. మొనకూ చర్మానికీ మధ్య ఒక వేలు కష్టంగా దూరేంత బిగువు చాలు. వదులైతే మొనలు ఒకసారి తగిలి ఒకసారి తగలక, కుక్క హద్దును నమ్మదు. బొచ్చు దట్టంగా ఉంటే పొడవు మొనలు పెట్టండి, అవసరమైతే వెంట్రుకలు కత్తిరించండి, నున్నగా మాత్రం గీయొద్దు. రోజుకు 12 గంటలకు మించి ఉంచకండి, మధ్యమధ్య జరుపుతూ ఉండండి. మొనల ఒత్తిడికే చర్మం పుండు పడుతుంది. అది షాక్ వల్ల వచ్చే గాయం కాదు గనక చాలామంది కనిపెట్టరు. రోజూ మెడ తడిమి చూడండి. ఎరుపెక్కితే మానేదాకా కాలర్ తీసేయండి, రెండు రోజుల్లో తగ్గకపోతే పశువుల డాక్టరుకు చూపించండి. తాడును ఈ కాలర్‌కు ఎన్నడూ తగిలించకండి, దానికి వేరే పట్టీ ఉండాలి.

ఇప్పుడు అసలు పని. సున్నం గీత మీద రెండున్నర, మూడు మీటర్లకొకటి చొప్పున జెండాలు పాతండి. కనీసం రెండు వారాలు నేర్పాలి, రోజుకు మూడుసార్లు, ఒక్కోసారి పది పదిహేను నిమిషాలు. మొదటి కొన్ని రోజులు షాక్ ఉండకూడదు, బీప్ మాత్రమే. పొడవు తాడు పట్టుకుని జెండా దాకా వెళ్లండి. బీప్ రాగానే "వెనక్కి!" అని గట్టిగా కాకుండా హుషారుగా అని, తాడుతో మెల్లగా లోపలికి తిప్పి, వచ్చీ రాగానే దానికి ఇష్టమైనది నోట్లో పెట్టి మెచ్చుకోండి. బీప్ అంటే ఇంటివైపు తిరగాలి, తిరిగితే అంతా మంచే. అది దాని బుర్రకెక్కేదాకా షాక్ జోలికి పోవద్దు. మా కుక్క చిట్టి మూడో రోజున బీప్ వినగానే చెవులు వెనక్కి వేసి, నా వైపు చూసి, నేను తాడు కదపకముందే గిర్రున తిరిగొచ్చింది. మీ కుక్కలో అది కనిపించాకే అన్నిటికన్నా తక్కువ మెట్టులో షాక్ పెట్టండి. చెవులు నిక్కితే, తల ఒక్కసారి విదిలిస్తే తగిలినట్టే, అది చాలు. కుయ్యిమందంటే ఎక్కువైంది, వెంటనే తగ్గించండి.

తర్వాత ఆశ పెట్టి చూడండి. హద్దు అవతల బంతి వేయండి, ఇంట్లోవాళ్లను అటు నడవమనండి. అవతలి నుంచి పేరు పెట్టి మాత్రం పిలవొద్దు, అది మోసమవుతుంది. షికారుకు తీసుకెళ్లేటప్పుడు కాలర్ విప్పి, ఎప్పుడూ ఒకే గేటులోంచి, తాడుతోనే దాటించండి. రెండు వారాలు గడిచాక మీరు కిటికీలోంచి చూస్తుండగా కాసేపు విడిచిపెట్టి, క్రమంగా సమయం పెంచండి. అది నిలకడగా ఉందని తేలాక నాలుగు రోజులకోసారి ఒకటి విడిచి ఒకటి చొప్పున జెండాలు తీయండి. కుక్కను ఇంట్లో ఎవరూ లేకుండా రోజంతా బయట వదిలేయడం మాత్రం ఎంత నేర్చినా వద్దు. ఉడుతనో పిల్లినో తరుముతూ ఒక్క ఊపులో దాటిందంటే, తిరిగి రావడానికి అదే షాక్ అడ్డం పడుతుంది.

వారానికోసారి టెస్టు బల్బుతో కాలర్ చూసుకోండి, బ్యాటరీ అయిపోయేదాకా ఆగకండి. హద్దు వైరు తెగితే ట్రాన్స్‌మిటర్ బీప్ కొడుతుంది. ప్లగ్గు తీసి, వైరు రెండు కొసలకూ మల్టీమీటర్ పెట్టి, కరెంటుకు వైరు ఎంత అడ్డు పడుతోందో (ఓమ్‌లలో) కొలవండి. ఎకరం చుట్టూ 20 గేజ్ రాగి వైరైతే 8, 9 ఓమ్‌లు చూపాలి. కొలతకే అందకపోతే తెగింది, వందల్లో చూపిస్తే జాయింటులో తేమ చేరింది. ముందు కాగితం తీసి జాయింట్లన్నీ చూడండి, తర్వాత ఈ మధ్య పార పడిన చోట్లు. అక్కడా దొరక్కపోతే చుట్టుకు సరిగ్గా మధ్యలో వైరును కత్తిరించి, అక్కడినుంచి ట్రాన్స్‌మిటర్ దాకా నేల మీద తాత్కాలికంగా ఒక వైరు లాగి, రెండు సగాలనూ విడివిడిగా కొలవండి. చెడిన సగాన్ని మళ్లీ సగం చేయండి. మూడు నాలుగు కోతల్లో తెగిన ముక్క దొరికిపోతుంది. కోసిన ప్రతిచోటా కొత్త జెల్ డబ్బీ వేసి, కాగితంలో గుర్తు పెట్టి, కుక్కను వదిలే ముందు బల్బు పట్టుకుని హద్దంతా మరోసారి నడవండి.