“ఈ ఫీచర్ పెట్టండి” అన్నప్పుడు ప్రొడక్ట్ మేనేజర్ ఏం చేయాలి?

విశాఖలోని రుషికొండ, మధురవాడ ప్రాంతాల సాఫ్ట్‌వేర్ సంస్థల్లో కొత్తగా ప్రొడక్ట్ మేనేజర్లుగా, అంటే ఉత్పత్తిలో ఏం ఉండాలో, ఏది ముందు చేయాలో తేల్చేవారిగా చేరినవారిని పనిభారం కన్నా ఎక్కువగా వేధించేది, బాధ్యత అంతా తమదై అధికారం మాత్రం ఎవరి మీదా లేకపోవడమే. ఇంజినీర్లు వేరొకరి కింద పనిచేస్తారు, సేల్స్ వారి లక్ష్యాలు వారికి ఉంటాయి, గడువు తప్పితే మాత్రం అందరూ మీ వైపే చూస్తారు. ఈ స్థితిలో ఎవరు ఏ ఫీచర్ అడిగినా జాబితాలో చేర్చేసి ఊపిరి పీల్చుకోవాలనిపిస్తుంది. అక్కడే ఆగాలి.

అడిగినవారు చెప్పేది తమకు తోచిన మందు మాత్రమే. రోగమేమిటో మీరే కనుక్కోవాలి. అందుకు “ఇది పెడితే వాడతారా?” అని ఎన్నడూ అడగకండి. మన వైపు మొహమాటం ఎక్కువ కనుక “పెట్టండి బాబూ, బాగుంటుంది” అనే జవాబే వస్తుంది. దానికి బదులు “ఈ ఇబ్బంది చివరిసారి ఎప్పుడు వచ్చింది, అప్పుడు ఏం చేశారు?” అని అడగండి. జరిగిన సంగతి చెప్పేటప్పుడు మనిషి మొహమాటపడడు.

ఉదాహరణకు, విశాఖ చేపల రేవులో వేలం పాట లెక్కలు రాసుకునే యాప్ మీ చేతిలో ఉందనుకుందాం. మాట్లాడితే నమోదయ్యే వాయిస్ సౌకర్యం కావాలని సేల్స్ బృందం పట్టుబడుతోంది. తెల్లవారుజామున రేవుకు వెళ్లి, పాట జరిగే చోట ఒక పక్కన నిలబడి చూడండి. అక్కడి కేకల్లో పక్కనున్న మనిషి మాటే సరిగా వినపడదు, ఇక ఫోనుకేం వినపడుతుంది? ఐసు, ఉప్పునీళ్లు తగిలిన వేళ్లకు టచ్ తెర సరిగా పలకదు, అందుకే లెక్క ముందు కాగితం మీదికి వెళ్లి, చేతులు ఆరాక ఫోనులోకి ఎక్కుతుంది. వారికి కావలసింది బోటు, చేప రకం, బరువు, ధర అనే నాలుగే గడులతో పెద్ద అంకెలున్న ఒక తెర, ఆ కాగితాన్ని తర్వాత తీరిగ్గా ఎక్కించే వీలు. వాయిస్‌తో పోలిస్తే ఇది ఎంతో తక్కువ పని, కానీ కార్యాలయంలో కూర్చుంటే తట్టదు.

ఈ సలహా కొత్తదేమీ కాదు. ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ అనే అమెరికా సబ్బుల సంస్థలో నీల్ మెక్‌ఎల్‌రాయ్ 1931లో రాసిన మెమోనే ఈ వృత్తికి మూలమని చాలామంది భావిస్తారు. అమ్మకాలు బలహీనంగా ఉన్న ప్రాంతానికి బ్రాండ్ బాధ్యుడు స్వయంగా వెళ్లి, వర్తకులనూ వాడకందారులనూ కలిసి కారణం తెలుసుకోవాలని ఆయన అందులో రాశాడు.

అంకెలను చదివేటప్పుడు కూడా రేవు మరచిపోకూడదు. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్ల వేటపై నిషేధం ఉంటుంది. ఆ 61 రోజులూ మీ యాప్ వాడకం పడిపోతుంది; అది యాప్ లోపం కాదు. ఈ సంగతి తెలియని పైవారు వేరే ఊరిలో కూర్చుని గ్రాఫ్ చూసి కంగారుపడకముందే, మార్చిలోనే ఒక చిన్న నోట్ రాసి పంపండి, పోలికను గత నెలతో కాక గత ఏడాది అదే కాలంతో చేయమని అందులో స్పష్టంగా చెప్పండి.

ప్రాధాన్యాలు తేల్చడానికి రైస్ (RICE: ఎందరికి చేరుతుంది, ఎంత ప్రభావం, ఎంత నమ్మకం, ఎంత శ్రమ అని ప్రతి ఫీచర్‌కూ అంకెలు వేసేది) వంటి మార్కుల పద్ధతులు పనికొస్తాయి గానీ, వాటిలో వేసే అంకెల్లో చాలా మటుకు ఊహలేనని గుర్తుంచుకోవాలి. వాదన పెట్టడానికి వాటిని వాడండి, తీర్పు చెప్పడానికి కాదు.

ఇక కాదనడం. నోటిమాటగా కాదంటే అది మనసులో ముల్లులా మిగిలి, పై అధికారి ద్వారా మళ్లీ మీ దగ్గరికే వస్తుంది. అందుకని అడిగినవారి పేరు, వారు చెప్పిన ఇబ్బంది, ఇప్పుడు ఎందుకు చేపట్టడం లేదో, ఏ పరిస్థితి మారితే తిరిగి చూస్తారో అరపేజీలో రాసి, అందరికీ కనిపించే చోట ఉంచండి. ముందుగా అడిగినవారికే చూపించి, తమ ఇబ్బందిని మీరు సరిగానే రాశారో లేదో వారితో చెప్పించుకోండి. ఆ తర్వాతే మిగతావారికి పంపండి.